నాన్నగారిని గ్వాలియా తీసుకెళ్ళాలనుకుంటున్నాను. అంత దూరం వెళ్ళడం సార్థకమేనా?

కోలారు మనవడు, పెర్త్

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వచ్చే జులైలో మదనపల్లె నుంచి ఇక్కడికి, ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వస్తున్నారు. వయసు డెబ్బై దాటింది. మోకాళ్ళ నొప్పులున్నా నిదానంగా నడవగలరు. ఆయన పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్ గని దగ్గరి కార్మికుల లైన్లలో, అంటే వరస ఇళ్ళలో. మా తాత పలమనేరు దగ్గరి పల్లె నుంచి వెళ్ళి అక్కడ భూగర్భంలో పనిచేశాడు. నాన్నగారు అదే కంపెనీలో గుమాస్తా. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక మదనపల్లె వచ్చి స్థిరపడ్డారు.

పోయినసారి వచ్చినప్పుడు కింగ్స్ పార్కు, ఫ్రీమాంటిల్, సముద్రతీరాలు అన్నీ చూపించాం. మర్యాదకు బాగున్నాయన్నారు, అంతే. పెర్త్ మింట్‌లో బంగారం కరిగించి అచ్చులో పోసే ప్రదర్శన దగ్గర మాత్రం కదల్లేదు. అది అయిపోయాక ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ బంగారం ఏ గనిది? ఆ ఊరు ఎలా ఉంటుంది?"

అప్పటి నుంచి వెతుకుతున్నాను. కాల్‌గూర్లీ అనే బంగారు గనుల పట్టణం గురించి అందరూ చెబుతారు. కానీ దానికి ఉత్తరాన లియోనోరా, దాని పక్కనే గ్వాలియా అనే ఖాళీ అయిన గని ఊరు ఉన్నాయని, వాటి మీదుగా వారసత్వ దారి ఒకటి పోతుందని తెలిసింది. పెర్త్ నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు దాటుతుంది. వయసు మళ్ళిన మనిషిని అంత దూరం తీసుకెళ్ళి రేకుల ఇళ్ళు చూపించడం సబబేనా? కాల్‌గూర్లీలో సూపర్ పిట్ అనే పెద్ద గని గొయ్యి చూపించి వెనక్కి వచ్చేస్తే సరిపోతుందా? నాన్నగారు శాకాహారి. ఆ వైపు నివసించినవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెబితే మేలు చేసినవారవుతారు.

కొత్తగూడెం సర్వేయరు, కాల్‌గూర్లీ

తప్పకుండా తీసుకెళ్ళండి. నేను కొత్తగూడెంలో గనుల ఇంజనీరింగ్ చదివి, సింగరేణిలో కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు కాల్‌గూర్లీలో గని సర్వేయరుగా ఉన్నాను. బంధువులు ఎవరొచ్చినా గ్వాలియాకు తీసుకెళ్తాను. అందులో గని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు అక్కడి నుంచి ఒక పట్టాన కదలరు.

సూపర్ పిట్ చూడదగ్గదే. మూడున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర వెడల్పు, ఆరు వందల మీటర్లకు పైగా లోతు. అడుగున తిరిగే ట్రక్కులు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. కానీ అక్కడ మనుషులు కనిపించరు. కంచె వెనక నిలబడి గొయ్యి చూసి వచ్చేస్తాం. ఒకప్పుడు అక్కడ గోల్డెన్ మైల్ అనే బంగారు నేల మీద పదుల కొద్దీ షాఫ్టులు, అంటే గనిలోకి దిగే బావులు, వాటి చుట్టూ ఇళ్ళు ఉండేవి. అవన్నీ ఆ గొయ్యిలోనే కలిసిపోయాయి. గని ఊరు ఎలా ఉంటుందని కదా మీ నాన్నగారు అడిగింది. దానికి జవాబు గ్వాలియాలో ఉంది.

దాని కథ కొంచెం చెబుతాను. 1869లో జాన్ ఫారెస్ట్ అనే సర్వేయరు, తప్పిపోయిన లైకార్ట్ అనే అన్వేషకుడి ఆనవాళ్ళు వెతుకుతూ ఈ వైపు వచ్చి ఒక గుట్టకు మౌంట్ లియోనోరా అని పేరు పెట్టాడు. అది అప్పటికే వంగథా అనే ఆదివాసి ప్రజల నేల. ఈ ఎండు నేలలో రాతి గుంటల్లో నిలిచే నీళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో వాళ్ళకు తెలుసు. బంగారం కోసం వచ్చిన గుంపులు, గుర్రాలు, ఒంటెలు ఆ గుంటలను తాగి ఎండబెట్టేశాయి. వారసత్వ దారిలో పలకలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఇక్కడ చరిత్ర 1890లలో మొదలు కాలేదు.

1896లో అక్కడ బంగారం పడింది. డబ్బు పెట్టిన వ్యాపారి వేల్స్ దేశస్థుడు కావడంతో ఆ గనికి సన్స్ ఆఫ్ గ్వాలియా అని పేరొచ్చింది. గ్వాలియా అంటే వేల్స్‌కే పాత పేరు. తర్వాత లండన్ కంపెనీ బీవిక్ మోరింగ్ తరఫున ఒక కుర్ర అమెరికన్ ఇంజనీరు ఆ గనిని పరిశీలించి కొనమని సిఫారసు చేశాడు. 1898లో తానే మేనేజరయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆయనే హెర్బర్ట్ హూవర్. 1929లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. గుట్ట మీద ఆయన కట్టించడం మొదలుపెట్టిన మేనేజరు బంగళా ఇప్పటికీ ఉంది. అది పూర్తయ్యేలోపే ఆయన చైనా వెళ్ళిపోయాడు.

అక్కడికి వెళ్ళేవాళ్ళంతా నేరుగా హూవర్ బంగళాకే వెళ్తారు. వరండాలో కూర్చుని టీ తాగి, ఫొటోలు తీసుకుని, మ్యూజియం చుట్టి, కింద ఉన్న ఊళ్ళో ఒక పది నిమిషాలు గడిపి బయల్దేరతారు. మీరు అలా చేయకండి. ముందు కిందికి, కార్మికుల ఇళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళకు అక్కడ ఉండండి. బంగళా మధ్యాహ్నం చూడొచ్చు.

ఆ ఇళ్ళను ఇక్కడివాళ్ళు క్యాంపులంటారు. కర్రల చట్రం, బయట ముడతల ఇనుప రేకు, లోపల గోడలకు గోనెపట్టా సాగదీసి కొట్టి దాని మీద సున్నం. కొన్ని ఇళ్ళలో మట్టి నేలే. వేసవిలో నలభై డిగ్రీలు దాటే చోట, చలికాలం రాత్రి సున్నా దగ్గరికి పడిపోయే చోట, అందులో పిల్లలతో కాపురాలు చేశారు. గులాబీ రంగు వేసిన ఒక చిన్న ఇల్లుంది, దాన్ని లిటిల్ పింక్ క్యాంప్ అంటారు. అలాంటి రేకుల గదికి రంగు వేసుకోవాలని అనుకున్న మనిషి మీద నాకు చాలా గౌరవం. పెళ్ళికాని కార్మికులు ఉండి భోంచేసిన పాట్రోనీ గెస్ట్ హోమ్, మాజ్జా కొట్టు కూడా అలాగే నిలబడి ఉన్నాయి. తలుపులు తెరిచే ఉంటాయి, లోపలికి వెళ్ళొచ్చు.

పేర్లు గమనించారా? పాట్రోనీ, మాజ్జా. ఇటలీ వాళ్ళు. తర్వాత యుగోస్లావియా ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు కూడా చాలామంది. హూవర్ ఇటాలియన్లను పనిలో పెట్టింది ఖర్చు తగ్గించడానికి, కార్మిక సంఘాల కోరికలకు అడ్డుకట్ట వేయడానికి. పని గంటలు పెంచింది కూడా ఆయనే. ఆయన గొప్ప ఇంజనీరు, గనిని లాభాల బాట పట్టించాడు, అది నిజమే. ఆ లాభం ఎవరి ఒంటి మీదుగా వచ్చిందో కిందనున్న రేకుల ఇళ్ళు చెబుతాయి. అందుకే వాటిని ముందు చూడమంటున్నాను. కోలారులో మేనేజర్ల బంగళాలకూ కార్మికుల లైన్లకూ మధ్య ఉన్న తేడా మీ నాన్నగారికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

1963 డిసెంబరులో గని మూసేశారు. అప్పటికి దాదాపు 26 లక్షల ఔన్సుల బంగారం తీశారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోల్డెన్ మైల్ తర్వాత అంత ఇచ్చిన గని అప్పట్లో ఇంకొకటి లేదు. మూసిన మూడు వారాల్లో ఊరి జనం పన్నెండు వందల నుంచి నలభైకి పడిపోయారు. మోయగలిగింది మోసుకుని, మిగతాది ఉన్నచోటే వదిలి వెళ్ళిపోయారు. ఆ మిగిలిన కొద్దిమందీ, లియోనోరా వాళ్ళూ కలిసి 1970లలో పాత గని ఆఫీసును మ్యూజియంగా మార్చి, ఇళ్ళు కూలిపోకుండా నిలబెట్టుకుంటూ వచ్చారు. వాళ్ళ పట్టుదల వల్లే ఈ రోజు మనం చూడగలుగుతున్నాం.

మ్యూజియం దగ్గర రెండు వస్తువుల కోసం సమయం ఉంచుకోండి. ఒకటి ఒరెగాన్ పైన్ కలపతో చేసిన హెడ్‌గేర్, అంటే షాఫ్టు నోటి మీద నిలిపే చట్రం. గ్వాలియా షాఫ్టు నిట్టనిలువుగా కాక ఏటవాలుగా దిగుతుంది. సింగరేణివాళ్ళకు ఇంక్లైన్ అంటే వెంటనే అర్థమవుతుంది. అందుకని ఆ కలప చట్రం కూడా ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది. ఈ రాష్ట్రంలో ఆ రకం కట్టడం ఇంకెక్కడా మిగల్లేదు. రెండోది ఫ్రేజర్ అండ్ చామర్స్ వారి ఆవిరి వైండింగ్ ఇంజను, అంటే షాఫ్టులో మనుషులనూ ఖనిజాన్నీ తాడుతో దించి లాగే యంత్రం. దాని డ్రమ్ము పక్కన నిలబడితే మనిషి ఎంత చిన్నవాడో తెలుస్తుంది. పక్కనే పెద్ద గొయ్యి. ఆ గని ఇప్పుడు మళ్ళీ నడుస్తోంది. ట్రక్కులతో ఖనిజం పైకి తెచ్చే గనుల్లో దేశంలోకెల్లా చాలా లోతైన వాటిలో ఒకటి. ఖాళీ ఊరి పక్కనే పనిచేసే గని అన్నమాట.

ఇక దారి సంగతి. గోల్డెన్ క్వెస్ట్ డిస్కవరీ ట్రైల్ అని 965 కిలోమీటర్ల వారసత్వ దారి ఉంది. కూల్‌గార్డీలో మొదలై కాల్‌గూర్లీ, మెన్జీస్, లియోనోరా మీదుగా లావర్టన్ దాకా పోతుంది. మొత్తం చేయొద్దు. అందులో కొంత కంకర రోడ్డు, వాన పడితే మూసేస్తారు, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ కుదుపులు మంచివి కావు. కాల్‌గూర్లీ నుంచి లియోనోరాకు గోల్డ్‌ఫీల్డ్స్ హైవే మొత్తం తారు రోడ్డే. సుమారు 235 కిలోమీటర్లు. గ్వాలియా, లియోనోరాకు కొద్ది కిలోమీటర్లు ముందే వస్తుంది. దారిలో మెన్జీస్‌లో ఆగి టౌన్ హాలు చూసి కాళ్ళు చాపుకోండి. మెన్జీస్‌కు పడమర లేక్ బాలార్డ్ అనే ఉప్పు సరస్సులో ఆంటొనీ గోర్మ్లీ 2003లో నిలిపిన 51 లోహపు బొమ్మలున్నాయి. మెన్జీస్ వాళ్ళ శరీరాల కొలతలు తీసి చేసినవి. చాలా బాగుంటాయి కానీ కంకర రోడ్డు మీద యాభై కిలోమీటర్లు వెళ్ళి, ఉప్పు నేల మీద నడవాలి. ఈసారికి వదిలేయండి.

చీకటి పడ్డాక కారు నడపొద్దు. కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, పైగా యాభై మీటర్లు దాటిన రోడ్డు ట్రైన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీలు, తిరుగుతుంటాయి. ఎదురుగా అలాంటిది వస్తే వేగం తగ్గించి ఎడమకు జరిగి పోనివ్వండి. పాత షాఫ్టుల దగ్గర ఫొటో కోసం వెనక్కి నడవకండి. కొత్తగా వచ్చినవాళ్ళకు మేం చెప్పే మొదటి మాట ఇదే. పొదల మధ్య కంచె లేని పాత గుంటలు ఇంకా ఉన్నాయి.

పసుపు తలపాగా, ఎస్పరెన్స్

సర్వేయరు గారు ఊరి గురించి చెప్పాల్సింది చెప్పారు. నేను నర్సును. గోల్డ్‌ఫీల్డ్స్ ఆసుపత్రుల్లో పనిచేశాను, కాబట్టి పెద్దాయన ప్రయాణం గురించి రాస్తున్నాను.

పెర్త్ నుంచి కారులో వద్దు. ఈస్ట్ పెర్త్ నుంచి కాల్‌గూర్లీకి ప్రాస్పెక్టర్ రైలు ఉంది. ఏడు గంటలకు కాస్త అటూ ఇటుగా పడుతుంది. లేచి నడవొచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, మోకాళ్ళకు హాయి. కాల్‌గూర్లీలో కారు అద్దెకు తీసుకోండి. ఒప్పందంలో కంకర రోడ్డు గురించి, రాత్రి ప్రయాణం గురించి ఏం రాశారో చదివి సంతకం చేయండి. రోడ్డు మీదే వెళ్ళాలని ఉంటే ఒక్క రోజులో లాగించకుండా మెరెడిన్‌లో రాత్రి ఆగండి.

రోడ్డు మీద వెళ్తే ఒక లాభం ఉంది, అది కూడా చెబుతాను. గ్రేట్ ఈస్టర్న్ హైవే వెంబడి తెల్లటి పెద్ద పైపు మీతోపాటే వస్తుంది. పెర్త్ దగ్గరి మండేరింగ్ ఆనకట్ట నీళ్ళను ఎనిమిది పంపు స్టేషన్లతో ఐదు వందల కిలోమీటర్లకు పైగా నెట్టుకొచ్చి కాల్‌గూర్లీకి ఇచ్చిన పైపు అది. దాన్ని రూపొందించిన ఇంజనీరు సి. వై. ఓకానర్. పత్రికల్లో, శాసనసభలో వచ్చిన దాడిని తట్టుకోలేక 1902 మార్చిలో ప్రాణం తీసుకున్నాడు. 1903 జనవరిలో కాల్‌గూర్లీలో నీళ్ళు వదిలారు. మౌంట్ లియోనోరాకు పేరు పెట్టిన జాన్ ఫారెస్టే ఆ నీళ్ళు వదిలిన పెద్దమనిషి. అప్పటిదాకా ఇక్కడ ఉప్పునీటిని మరగబెట్టి, ఆవిరిని చల్లార్చి అమ్ముకునేవాళ్ళు. మురికినీళ్ళతో టైఫాయిడ్ వచ్చి కుర్రవాళ్ళు గుంపులుగా పోయారు. కూల్‌గార్డీ శ్మశానంలో రాళ్ళ మీద వయసులు చదవండి. నర్సుగా నాకు ఆ రాళ్ళ మధ్య నడవడం కష్టమే, అయినా కాల్‌గూర్లీ వచ్చినవాళ్ళను అక్కడికి తీసుకెళ్తాను.

అదే శ్మశానంలో మనం చూడాల్సిన ఇంకో చోటు ఉంది. ఒంటెలు తోలినవాళ్ళ సమాధులు. వాళ్ళందరినీ ఆఫ్ఘన్లు అని పిలిచారు గానీ చాలామంది బలూచిస్థాన్, పంజాబ్, సింధ్ నుంచి వచ్చినవాళ్ళు. రైలు రాకముందు ఈ ఊళ్ళకు పిండి, నీళ్ళు, గని యంత్రాల భాగాలు మోసింది వాళ్ళ ఒంటెలే. వాళ్ళలో పెద్ద వ్యాపారి టాగ్ మహమ్మద్ 1896 జనవరిలో కూల్‌గార్డీ మసీదులో నమాజు చేస్తుండగా హత్యకు గురయ్యాడు. మన ఉపఖండం వాళ్ళు ఐటీ ఉద్యోగాలతో ఇక్కడికి మొదటిసారి రాలేదని మా పిల్లలకు ఆ సమాధుల దగ్గరే చెప్పాను.

కూల్‌గార్డీకి పక్కనే బోనీవేల్ అనే గని ప్రాంతం. 1907 మార్చిలో వరద నీళ్ళు గనిలోకి దూకి మోడెస్టో వరిస్కెట్టి అనే ఇటాలియన్ కార్మికుడు లోపల గాలి నిలిచిన చోట ఇరుక్కుపోయాడు. పెర్త్ నుంచి ప్రత్యేక రైల్లో డైవర్లను, వాళ్ళ సామగ్రిని తెచ్చారు. ఫ్రాంక్ హ్యూస్ అనే డైవరు చీకటి నీళ్ళలో నడిచి అతని దగ్గరికి చేరాడు. తొమ్మిది రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తెచ్చారు. గని కుటుంబంలో పుట్టిన మీ నాన్నగారికి ఈ కథ అక్కడే చెప్పండి.

ఆరోగ్యం విషయం: జులై మంచి నెల. పగలు చల్లని ఎండ, రాత్రి మాత్రం ఎముకలు కొరికే చలి, కాబట్టి మంకీ క్యాప్, స్వెటరు తప్పనిసరి. ఎండాకాలంలో అయితే ముఖాన దోమతెర లాంటి వల లేకుండా ఈగలతో నిలబడలేం. జులైలో ఆ బాధ తక్కువ. మందులు రెండు వారాలకు సరిపడా దగ్గర ఉంచండి. లియోనోరాలో ఆసుపత్రి ఉంది, అత్యవసరమైతే ఫ్లయింగ్ డాక్టర్ విమానం వస్తుంది. భోజనానికి భయపడొద్దు. కాల్‌గూర్లీలో భారతీయ హోటళ్ళున్నాయి. లియోనోరాలో శాకాహారికి బంగాళదుంపల వేపుడు తప్ప పెద్దగా దొరకదు. చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, నెయ్యి, ఊరగాయ వెంట ఉంచుకుంటే ఆయన సుఖంగా ఉంటారు. బయల్దేరిన రోజుకు పులిహోర చేసుకోండి.

పాత బీజీఎంఎల్ మనిషి, కుప్పం

బాబూ, మా మనవరాలు ఇది చదివి వినిపించింది. నేను చెబుతుంటే ఆమే రాస్తోంది. కోలారు గనులు నడిపిన బీజీఎంఎల్ కంపెనీలో వైండింగ్ విభాగంలో పనిచేసి, మూసే ముందు రిటైరయ్యాను. మీ తాత ఛాంపియన్ రీఫ్ అంటున్నావు. అది మూడు కిలోమీటర్లు దాటి దిగిన గని. ఆ లోతులో రాయే వేడి. రాక్ బరస్ట్ వస్తే, అంటే లోపల ఒత్తిడికి రాయి పేలితే, పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి. అలాంటప్పుడు ఆడవాళ్ళు వంట వదిలేసి షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. మీ నాన్న ఆ పరుగు చూసి పెరిగినవాడే.

గ్వాలియాలో ఆవిరి ఇంజను ఉందన్నారు. మీ నాన్నను దాని డ్రైవరు కూర్చునే చోట నిలబెట్టు. బయట నుంచి చూసి రావద్దు. ఆ డ్రైవరుకు షాఫ్టు కనిపించదు. గంట మోగుతుంది. మనుషులెక్కితే ఒక లెక్క, రాయెక్కితే ఇంకో లెక్క. ఎదురుగా లోతు చూపించే ముల్లు ఉంటుంది. ఆ ముల్లు, డ్రమ్ము మీద తాడు చుట్ల గుర్తులు, చెవిలో గంట, ఇవే అతనికి కళ్ళు. బ్రేకు మీద చేయి వేసినవాడు షిఫ్టు అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడడు. కోలారుకు 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది, అందుకని మాకు తొందరగానే ఎలక్ట్రిక్ వైండర్లు వచ్చాయి. అక్కడివాళ్ళు చాలాకాలం ఆవిరితోనే లాగారంటే బాయిలర్లకు ఎంత కట్టె తగలబెట్టి ఉంటారో.

కొత్తగూడెం సర్వేయరు, కాల్‌గూర్లీ

తాతగారికి నమస్కారం. కట్టె గురించి సరిగ్గా పట్టుకున్నారు. కాల్‌గూర్లీ చుట్టూ, గ్వాలియా చుట్టూ కట్టె కోసమే ప్రత్యేకంగా చిన్న రైలు లైన్లు వేసి, అడవిని వందల కిలోమీటర్లు నరుక్కుంటూ పోయారు. మల్గా చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది. హైవే పక్కన ఇప్పుడు కనిపించే పొదల్లో చాలాభాగం ఆ నరుకుడు తర్వాత మళ్ళీ మొలిచినవి. కట్టె కొట్టే శిబిరాల్లో కూడా ఎక్కువమంది ఇటాలియన్లు, స్లావులే.

పాత బీజీఎంఎల్ మనిషి, కుప్పం

అయితే వాళ్ళ ఊపిరితిత్తుల సంగతి కూడా మ్యూజియంలో రాసి ఉందేమో చూడమను బాబూ. రాతి ధూళి మా దగ్గరా ఎంతోమందిని తీసుకుపోయింది. బంగారం ఎన్ని ఔన్సులు అని రాసినచోట ఆ లెక్క కూడా ఉండాలి. మా దగ్గర షాఫ్టులు మూతపడి తుప్పు పడుతున్నాయి, బంగారం తీశాక మిగిలిన సయనైడ్ దిబ్బల ధూళి గాలి వీస్తే ఇంకా ఇళ్ళలోకి వస్తుంది. మ్యూజియంలాగా ఊరి జనమే ఇళ్ళను కాపాడుకున్నారంటే నాకు ఆశ్చర్యంగానూ సంతోషంగానూ ఉంది. మనవాళ్ళు కూడా ఒక్క లైను, ఒక్క వైండింగ్ హౌసు అలా నిలబెట్టుకుంటే బాగుండును. ఫొటోలు తీసి పెట్టు. ఇంజను దగ్గరగా తియ్యి, ముల్లు కనిపించేట్టు.

కోలారు మనవడు, పెర్త్

మీ అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. తాతగారి మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. రాక్ బరస్ట్ వచ్చిన ఒక రాత్రి నానమ్మ ఆయన్ను చంకన వేసుకుని షాఫ్టు దగ్గరికి పరుగెత్తిందట. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. తాత ఆ రాత్రి క్షేమంగానే పైకొచ్చాడట.

ఇలా అనుకుంటున్నాం: రైల్లో కాల్‌గూర్లీ, మర్నాడు కూల్‌గార్డీ శ్మశానం, బోనీవేల్ వైపు ఒక చుట్టు. ఆ తర్వాత పొద్దున్నే బయల్దేరి గ్వాలియా. సర్వేయరు గారూ, హూవర్ బంగళాలో రాత్రి బస చేయొచ్చని చదివాను. నాన్నగారు మాత్రం మేనేజరు బంగళాలో పడుకోనని ఖరాఖండిగా చెప్పేశారు. లియోనోరాలో మామూలు గది దొరుకుతుందా? దారిలో కూకినీ కూడా చూడాలా?

కొత్తగూడెం సర్వేయరు, కాల్‌గూర్లీ

లియోనోరాలో మోటెల్ గదులు దొరుకుతాయి. కానీ ఎక్కువభాగం గని కంపెనీలే తీసేసుకుంటాయి, కాబట్టి ఇప్పుడే ఫోన్ చేసి పెట్టుకోండి. మ్యూజియం సాయంత్రం కాకముందే మూసేస్తారు, వేళలు ముందురోజు కనుక్కోండి. ఊరి ఇళ్ళను అయితే వెలుతురున్నంతసేపూ చూడొచ్చు. స్టేట్ హోటల్ అని 1903లో ప్రభుత్వమే కట్టిన రెండంతస్తుల ఇటుక భవనం కనిపిస్తుంది, దొంగసారా అరికట్టడానికి సర్కారే మద్యం అమ్మిన చోటు. దాన్ని బయట నుంచి చూడండి. అక్కడ నేల మీద కనిపించే పాత సీసా ముక్క, మేకు కూడా జేబులో వేసుకోవద్దు. ఎవరైనా మెటల్ డిటెక్టర్ ఇస్తామంటే, మైనర్స్ రైట్ అనే అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

కూకినీ ఒకప్పుడు చాలా హోటళ్ళతో కళకళలాడిన ఊరు, ఇప్పుడు గుప్పెడు మంది ఉన్నారు. దాని పక్కన 1897లో రైలు కోసం కట్టిన నయాగరా ఆనకట్ట బాగుంటుంది. తిరుగు ప్రయాణంలో నాన్నగారికి ఓపిక ఉంటే, వాన పడి ఉండకపోతే, హైవే మీద నుంచి తూర్పుకు మళ్ళండి. లేకపోతే ఆ రెండు గంటలు కూడా గ్వాలియాకే ఇవ్వండి.

రైలు దిగిన సాయంత్రం మా ఇంట్లో భోజనం. మా ఆవిడ మొహమాటం లేకుండా రమ్మంది. ఇక్కడ గోంగూర దొరకదు, పెర్త్ నుంచి వచ్చేటప్పుడు రెండు కట్టలు పట్టుకొస్తే నాన్నగారికి పప్పు చేసి పెడతాం.